నా దోస్తు కట్టిన గుడ్డెలుగు వేషం

జగిత్యాలల పీజీ చదివే రోజుల్ల హాస్టల్ల నా రూమ్మేటు మలావి దేశపోడు. నాకంటె రెండేండ్లు పెద్ద. ఆరడుగుల పైన ఇంకో రెండు మూడు అంగుళాలుండేటోడు. స్కాలర్‌షిప్పు మీద వ్యవసాయం చదువుకునేతందుకు వచ్చిండు. మొదట్ల హాస్టలోళ్లు అతన్ని ‘ఆఫ్రికా’ అని పిలిచేటోళ్లు. పిలిచిన ప్రతిసారి అతను నిలబడి, “ఆఫ్రికా కాదు, మలావి” అని చెప్పేటోడు. కోపం లేదు, విసుగు లేదు. రెండు నెలలు అదే మాట చెప్పిండు. మూడో నెలల అందరు ‘మలావి’ అనుడు మొదలువెట్టిన్రు. పేరు పెట్టి పిలిచింది మాత్రం నేనొక్కన్నే.

నాది సిరిసిల్ల. మా బాపు పవర్‌లూమ్ సాంచాలు నడుపుతడు, అమ్మ బీడీలు చేస్తది. ఇంట్ల ఎవరికి ఎవుసం తెల్వదు. అందుకే కాలేజీల ఫీల్డు పనికి పోయినప్పుడు నేనూ, మలావి దోస్తూ ఇద్దరం ఒకటే తీరుగ కొత్తోళ్లం. కాకపోతే మక్కచేను, అదే మొక్కజొన్న చేను కాడ అతను నాకంటె ముందుండేటోడు. వాళ్ల దేశంల పొద్దున మాపున తినేది మక్కపిండి ముద్దనేనట. మల్యాల దిక్కు చేన్లు చూడను పోయిన మొదటిసారి బస్సు కిటికీల నుంచి చాలసేపు చూసి, “ఇన్ని మక్కలు పండిస్తరు, హోటళ్లల్ల ఒక్కకాడ గూడ మక్క ముద్ద ఎందుకు దొరకది?” అని అడిగిండు.

“కోళ్ల దాణకు పోతయి” అన్న.

“అన్నీనా?”

“శానామట్టుకు.”

అతను మళ్ల చేన్ల దిక్కు తిరిగిండు. ఆ తర్వాత జగిత్యాల పిండి గిర్నీల మక్కలు పట్టించుకొని వచ్చి రూములనే కరెంటు పొయ్యి మీద ముద్ద వండుకునుడు నేర్చుకున్నడు. వార్డెన్‌కు తెలిసినా తెల్వనట్టు ఊకున్నడు.

మేం చదివే రెండో ఏడు పీర్ల పండుగ చివరి రెండు రోజులు శనివారం, ఆదివారం పడ్డయి. గురువారం పొద్దున కోరుట్ల నుంచి మా మామ ఫోన్ చేసిండు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. కోరుట్లల బట్టలు కుడతడు, చిన్న దుకాణం ఉన్నది. ఆయన కొడుకు పసిగుడ్డుగ ఉన్నప్పుడు జ్వరమొచ్చి మూడు రోజులు కండ్లు తెరువలేదట. అప్పుడు మామ పీర్లకు మొక్కుకున్నడు, పిలగాడు బతికితే ఏటా పులి వేషం కడ్త అని. ఆ పిలగాడు ఇప్పుడు హైదరాబాదుల ఇంటర్ చదువుతున్నడు. మామ మాత్రం ఇంకా కడుతనే ఉన్నడు. 

“అల్లుడా, సిరిసిల్ల పోయి నల్ల నూలు వేస్టు రెండు సంచులు తెస్తవా? గుడ్డెలుగు అంగీకి నూలు రాలిపోయింది, మళ్ల అతుకుపెట్టాలె” అన్నడు.

ఎలుగుబంటిని మా దిక్కు గుడ్డెలుగు అంటం. మామ పులికి జోడీగ ఒక గుడ్డెలుగు వేషం ఉంటది. పులి ముందట ఆడుతది, గుడ్డెలుగు వెనుక నుంచి వచ్చి జనాన్ని బెదిరిస్తది, నడిబజార్ల రెండింటికి కొట్లాట. పదిహేనేండ్ల నుంచి ఆ గుడ్డెలుగు కట్టేది మామ దోస్తు ఒకాయన.

నేను ఫోన్ పెట్టంగనే, “నేనూ వస్త” అన్నడు మలావి దోస్తు. పులి, వేషం అనే మాటలు విన్నడు. అప్పటికే అతనికి మా మాటలు అక్కడొకటి ఇక్కడొకటి అందుతున్నయి. ఎన్ని అందుతున్నయో నేనెప్పుడు లెక్క చూడలే.

శుక్రవారం క్లాసు అయినంక ఇద్దరం సిరిసిల్ల పోయినం. సాంచాల షెడ్డు కాడ బాపు డ్యూటీల ఉన్నడు. ఆ చప్పుడుల ఎవరి మాట ఎవరికి వినపడదు, కాబట్టి భాష రాకున్నా ఏం తేడా పడలే. బాపు చేతులతోని సైగ చేసి పోగును మోసే నాడె ఎట్ల ఉరుకుతదో, పోగు తెగితే ఎట్ల ముడేస్తరో చూపెట్టిండు. దోస్తు వంగి చూసి, తల ఊపి, ఒక తెగిన పోగును ముడేసి చూపెట్టిండు. బాపు ఆ ముడి విప్పి మళ్ల తనే వేసిండు.

ఇంటికాడ అమ్మ మక్క గట్క వండింది. మజ్జిగ పోసి, మామిడికాయ తొక్కు పెట్టింది. దోస్తు మూడుసార్లు పెట్టించుకొని తిన్నడు. నేను మధ్యల కూసోని ఇటుది అటు, అటుది ఇటు చెప్పిన.

“మా అమ్మ ఇంకా గట్టిగ వండుతదని చెప్పు” అన్నడు అతను.

చెప్పిన. అమ్మ కొంచెం సేపు ఆలోచన చేసి, “ఆమె తీరు ఆమెది, నా తీరు నాది. ఇది తాగేటట్టే ఉండాలె అని చెప్పు” అన్నది. అది గూడ చెప్పిన. ఇద్దరు ఒకరినొకరు చూసి నవ్వుకున్నరు. తర్జుమా చేసుడు గింత అల్కటి పని అనుకున్న ఆ పూట.

శనివారం పొద్దున వేములవాడ మీదుగ కోరుట్ల బస్సెక్కినం. రెండు సంచుల నల్ల నూలు వేస్టు బస్సు టాపు మీద వేసుకున్నం. మామ దుకాణం కాడికి పోయేటాల్లకు ఆయన మీసాలు తీసేసి కూసున్నడు. పులికి మీసాలు రంగుతోని గీస్తరు కాబట్టి ఏటా పండుగకు ముందు తీసేస్తడు. మీసాలు లేని మామ మొఖం చూస్తే నాకు ఎప్పుడైనా మా అమ్మ లెక్కనే కనపడతడు.

మామ మొఖం చిన్నబోయి ఉన్నది. గుడ్డెలుగు కట్టే దోస్తు గురువారం సాయంత్రమే మస్కట్ పోయిండట. వీసా వచ్చి చాల రోజులైంది గని టికెట్టు కరెక్టుగ పండుగ ముందట పడ్డది. పోయేటప్పుడు వేషం అంగీ తెచ్చి దుకాణంల కొక్కానికి తగిలేసి పోయిండు. 

“ఒక్క పులి ఎవనితోని కొట్లాడుతది?” అన్నడు మామ. అంటనే తలెత్తి నా దోస్తును చూసిండు. కిందికెల్లి మీదికి చూసిండు. మెడల టేపు తీసి, అడుగుడు గిడుగుడు లేకుంట అతని భుజాలు కొలిచిండు, చేతులు కొలిచిండు.

“అల్లుడా, ఈయన సరిపోతడు. మంచిగ ఎత్తున్నడు. మొఖం ఎట్లనన్న నల్లగనే ఉన్నది, మసి పూసే పని గూడ తప్పుతది” అన్నడు.

గుడ్డ సరిపోయింది, అతుకు అక్కర్లేదు అని గిరాకికి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎట్లుంటదో అచ్చం గట్లనే ఉన్నది. లోపల ఏమన్న పెట్టుకొని అన్న మాట కాదు. అందుకే నాకు ఇంకా ఇబ్బందైంది.

“ఏమంటున్నడు?” అని దోస్తు అడిగిండు.

“గుడ్డెలుగు వేషం కట్టేటాయన ఊర్ల లేడు. నువ్వు కడ్తవా అని అడుగుతున్నడు. ఎత్తున్నవని.”

“అంతేనా?”

“అంతే.”

దోస్తు కొక్కానికి ఉన్న అంగీ దగ్గరికి పోయిండు. గోనె గుడ్డతోని కుట్టిన పెద్ద తొడుగు అది, మీద అంత నల్ల నూలు కుచ్చులు. ఆడాడ రాలిపోయి గోనె కనపడుతున్నది. ఒక కుచ్చు పట్టి గుంజి చూసిండు, ఎట్ల కుట్టిన్రో వెనుకకు తిప్పి చూసిండు. 

“తలకు ఏంది?” అని అడిగిండు.

“తలకు ఏం ఉండదు. మొఖానికి రంగు పూస్తరు” అన్న. మసి అనలే.

“మొఖం కనపడితే నేను కట్ట. తల మొత్తం మూసేటట్టు చేస్తే కడ్త.”

ఎందుకని అడిగితే చెప్పిండు. వాళ్ల ఊరి దిక్కు గూడ పెద్ద పెద్ద వేషాలు ఉంటయట. ఎవరన్న చచ్చిపోయినప్పుడు, నాయకుని ఎన్నుకున్నప్పుడు అడివి జంతువుల వేషాలల్ల వచ్చి ఆడుతరు. ముసుగుల వచ్చినోడు మనిషి కాదు, పోయినోళ్ల లోకం నుంచి వచ్చినోడు. కాళ్లు చూసి, నడక చూసి ఫలానోడని తెలిసినా నోరు తెరిచి అనరాదు. అతని భార్య గూడ అనదు. 

“నువ్వెప్పుడన్న కట్టినవా?” అని అడిగిన.

“ఆ ప్రశ్న అడుగరాదు” అన్నడు నవ్వుకుంట.

మామకు చెప్పిన. మామకు పోయినోళ్ల లోకం సంగతి పెద్దగ పట్టలే గని తలకాయ కుట్టాలె అనేసరికి మొఖంల కళ వచ్చింది. “ఊపిరాడాలె, ముందట కనపడాలె, ఎగిరితే ఊడిపోవద్దు” అని మూడు వేళ్లు చూపెట్టిండు. అప్పుడే స్కూటరేసుకొని పోయి మేదరోళ్ల దగ్గర వెదురు గంప తెచ్చిండు.

ఆ శనివారం అంత వాళ్లిద్దరు దుకాణంలనే కూసున్నరు. గంపను బోర్లేసి, దోస్తు తల మీద పెట్టి, ఎక్కడ కోయాల్నో సుద్దతోని గీసుకున్నరు. మామ కండ్ల కాడ బొక్కలు పెడదామని చూపెడితే దోస్తు వద్దని చెయ్యి ఊపి, నోటి కాడ చూపెట్టిండు. నోరు తెరిచి ఉన్నట్టు చేస్తే దాంట్ల నుంచి చూడొచ్చు, గాలి వస్తది, బయటోళ్లకు లోపటి మనిషి కండ్లు దొరకయి. మామ “ఔరా” అనుకున్నడు. నోటికి లోపట నల్ల జాలీ గుడ్డ కుట్టిండు. ముక్కుకు పాత చెప్పు అడుగు కోసి అతికిచ్చిన్రు. చెవులకు కోటు భుజాలల్ల పెట్టే మెత్త వాడిన్రు. నూలు కుచ్చులు దోస్తు కట్టి ఇస్తుంటే మామ కుట్టుకుంట పోయిండు. నేను తర్జుమా చేస్తనని పక్కన కూసున్న గని ఎవరు నన్నేం అడుగలే. రెండుసార్లు చాయ్ తెచ్చిన. మూడోసారి మామనే, “నువ్వు ఇంటికి పోయి పడుకోరాదు” అన్నడు.

మాపటికి మా అత్త అన్నం పెట్టింది. దోస్తు తిన్నంక ఊకోకుంట గంజులు తోమేకాడికి పోయి నిలబడ్డడు. అత్త సిగ్గుపడి పొమ్మన్నది, అతను పోలే. గంజు అడుగు చూపెట్టి ఏదో అడిగిండు, అత్త ఏదో చెప్పింది. నేను టీవీ చూస్తున్న, పట్టిచ్చుకోలే.

ఆదివారం పొద్దున మామకు రంగు వేసిన్రు. రెండు కట్టెలు చేతులకింద ఊతం పెట్టుకొని కదలకుంట నిలబడాలె. పసుపుపచ్చ రంగు ఆరినంక నల్ల చారలు. మామకు మోకాళ్ల నొప్పులు, మధ్యల రెండుసార్లు కూసుంటనన్నడు, రంగేసే ముసలాయన కూసోనియ్యలే. ఈలోపల దోస్తు దుకాణం వెనుక రూముల అంగీ తొడుక్కున్నడు. చేతులకు గూడ నూలు తొడుగులు ఉన్నయి, కొట్లాటల కట్టె పట్టుకునేతందుకు అరచేతుల దిక్కు, వేళ్ల దిక్కు ఖాళీగ విడిచిపెట్టిన్రు. చివరికి తల పెట్టుకున్నడు. ఆ తర్వాత నాతోని ఒక్క మాట మాట్లాడలే. నేనేదో అడిగితే గుడ్డెలుగు తలకాయ నా దిక్కు తిరిగింది, మళ్ల అటు తిరిగింది.

డప్పులు మొదలైనయి. పీర్లు లేచే కాడికి మామ ముందట, గుడ్డెలుగు వెనుక. మొదటి సందు దాటేదాక అతను మామ అడుగుల అడుగేసుకుంట పోయిండు. తర్వాత తన తీరుగ ఆడుడు మొదలువెట్టిండు. భుజాలు కదలయి, తలకాయ కదలదు, కాళ్లు మాత్రం నేలను తన్నినట్టు గబగబ పడతయి, దుమ్ము లేస్తది. పాత గుడ్డెలుగు అట్ల ఆడేటోడు కాదు, ఎగిరి దుమికేటోడు. ముందుగాల డప్పులోళ్లు కనిపెట్టిన్రు. ఒకాయన దెబ్బ మార్చి అతని కాళ్లను పట్టుకున్నడు, మిగిలినోళ్లు ఆయన వెంట పోయిన్రు.

జనానికి మాత్రం లోపట ఉన్నది పాత మనిషే. పదిహేనేండ్ల నుంచి గుడ్డెలుగు అంటే ఆయననే. “పోలేదారా వీడు?” అని ఒకరన్నరు. “టికెట్టు క్యాన్సలైందట” అని ఇంకొకరు. అర్ధగంట గడిచేటాల్లకు, ఏజెంటు మోసం చేసిండు, శంషాబాద్ నుంచి వాపసు పంపిన్రు అనే దాక పోయింది మాట. పాత మనిషి పేరు పెట్టి పిలుస్తున్నరు, వీపు మీద చరుస్తున్నరు. గుడ్డెలుగు అందరిని బెదిరిచ్చుకుంట పోతున్నది.

నేను గంప చెవి దగ్గరికి పోయి ఇంగ్లీషుల చెప్పిన, “నిన్ను ఆయననే అనుకుంటున్నరు. ఒక్కసారి తల తియ్యి, అందరికి తెలుస్తది.”

“ఇక్కడ కాదు” అని లోపట నుంచి వినపడ్డది. అంతే.

చౌరస్తా దగ్గర ఒకామె జనాన్ని తోసుకొని వచ్చింది. నలభై ఏండ్ల పైన ఉంటది, చేతుల బ్యాగు, బస్సు దిగి తిన్నగ వచ్చినట్టున్నది. వచ్చుడు వచ్చుడే గుడ్డెలుగు ముందట నిలబడి అందుకున్నది.

“మొన్న ఫోన్ చేసి మస్కట్ల దిగిన అక్కా అంటివి. రూము మంచిగుంది అంటివి. ఈడ గంతులేస్తున్నవా? నాతోని గూడ అబద్దమేనా? నేను మల్యాలల అందరికి చెప్పుకొని తిరిగిన గదరా.”

మస్కట్ పోయినాయన అక్క అని అప్పుడు అర్థమైంది. చుట్టున్నోళ్లు నవ్విన్రు. డప్పులు ఇంకా మోగుతనే ఉన్నయి. మామ అటు పక్క పులి ఆటల ఉన్నడు, ఆయనకు ఏం తెల్వదు. నేను ముందటికి పోయి, “అక్కా, ఆయన కాదక్కా” అన్న. ఆమెకు వినపడలే. గుడ్డెలుగు కదలకుంట నిలబడ్డది. తల అడ్డంగ ఊపలే, చెయ్యి ఎత్తలే. అక్కకు ఇంకా కోపం వచ్చింది. “మాట్లాడవేందిరా?” అని ఎడమ చెయ్యి పట్టి గుంజింది.

గుంజి, ఆ చేతి దిక్కు చూసింది. తొడుగు కింద వేళ్లు కనపడుతున్నయి. తర్వాత మామ చెప్పిండు, ఆమె తమ్మునికి రైసు మిల్లుల ఎడమ చిటికెన వేలు కొస పోయిందట. ఆమె ఆ వేలును బొటనవేలితోని రుద్ది చూసింది. నిండుగ ఉన్నది. అరచెయ్యి తిప్పి చూసింది, మళ్ల వేళ్లు చూసింది. అప్పుడు గుడ్డెలుగు నోట్లకు కొంచెం వంగి చూసింది. ఏం కనపడ్డదో నాకు తెల్వదు. చెయ్యి మెల్లగ విడిచిపెట్టింది.

నేను ఆమె పక్కకు పోయి, “మా కాలేజీ దోస్తు అక్కా. మీ తమ్ముడు మస్కట్లనే ఉన్నడు, మామకు ఫోన్ గూడ చేసిండు” అన్న.

ఆమె నన్ను చూడలే. “గీ ఎండల లోపట ఎట్ల ఉడుకుతున్నడో. నీళ్లన్న ఇచ్చిన్రా?” అన్నది.

ఇయ్యలే. పొద్దటి నుంచి ఎవరికి యాదికి రాలే, నాకు గూడ. ఆమె రోడ్డు పక్క పంచే షర్బత్ రెండు గ్లాసులు తెచ్చి గుడ్డెలుగు నోటికి పెట్టింది. అతను మోకాళ్ల మీద కూసోని, తల వెనుకకు వంచి, జాలీ గుడ్డ పక్క నుంచి తాగిండు. సగం మెడ మీద పోయింది. చుట్టున్నోళ్లకు అది తమ్ముడు అక్క కాళ్లకాడ కూసోని తప్పైందన్నట్టు కనపడ్డది. చప్పట్లు కొట్టిన్రు. ఆమె ఎవరికి ఏం చెప్పలే. ఇంకో గ్లాసు తెచ్చింది. అది తాగినంక గుడ్డెలుగు లేచి ఆమె ముందట ఒక్క నిమిషం ఆడింది, మునుపటి కంటె మెల్లగ, తర్వాత పులి దిక్కు పోయింది.

కొట్లాట అయ్యేటప్పుడు ఆమె ఒక దుకాణం మెట్ల మీద నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకున్నది. నేను పక్కనే ఉన్న కాబట్టి కనపడ్డది. వీడియో కాలుల మస్కట్ తమ్ముడు, వెనుక ఇనుప మంచాలు. “ఎవరే అక్కా అది? నా అంగీ ఎవరు తొడుక్కున్నరు?” అని అడుగుతున్నడు.

“నాకేం తెల్సు. ఎవరో గుడ్డెలుగు” అన్నది ఆమె.

“మంచిగనే ఆడుతున్నడు గదా.”

“నీకంటె నయం” అన్నది.

మధ్యాహ్నం దాటినంక మామ దుకాణం వెనుక తలుపు పెట్టుకొని దోస్తు తలకాయ తీసిండు. చెంపల మీద వెదురు చీరుకున్న గీతలు, కండ్లు ఎర్రగ ఉన్నయి. ఒక బకెట్టు నీళ్లు మీద పోసుకొని, ఇంకో బకెట్టు పోసుకొని, అప్పుడు మాట్లాడిండు. ఆ అక్క ఏం తిట్టిందని అడిగిండు. చెప్పిన. ఒక్క మాట విడువకుంట చెప్పిన, విడిచిపెట్టాల్సింది అండ్ల ఏం లేకుండె. అతను తల ఊపిండు. మామ కిరసనాయిలు గుడ్డతోని చారలు తుడుసుకుంట వచ్చి అతని వీపు తట్టి, “వచ్చే ఏడు గూడ రావాలె అని చెప్పు” అన్నడు. అదీ చెప్పిన.

సాయంత్రం జగిత్యాల బస్సుల ఖాళీ సీట్లు దొరికినయి. ఊరు దాటేదాక దోస్తు కిటికీల నుంచి చూసుకుంట కూసున్నడు. తర్వాత అడిగిండు, “నిన్న మీ మామ నన్ను ఎందుకు ఎంచుకున్నడు?”

“చెప్పిన గదా. ఎత్తున్నవని.”

“నల్లగ అన్నడు. మసి అన్నడు.” ఆ రెండు మాటలు తెలుగులనే అన్నడు, మామ పలికినట్టే పలికిండు. “నల్ల అనే మాట నేను జగిత్యాలల దిగిన మొదటి వారమే నేర్చుకున్న. ఎవరు నేర్పాల్సిన అవసరం పడలే. మసి అంటే నిన్న మీ అత్త గంజు కాడ తెలిసింది.”

నాకు పరీక్షల చీటీతోని దొరికినట్టైంది. “తెలిసి ఎందుకు ఒప్పుకున్నవు?” అని అడిగిన.

“అంగీ చూసినంక నాకు కట్టాల్ననిపించింది. తల మూస్తే లోపటి రంగుతోని ఎవరికి పని? మీ మామ గూడ అంగీకి మనిషి సరిపోతడా లేదా అనే చూసిండు. అటువంటి మాటలు నాకు రోజు వినపడుతయి. నాకు బాధనిపించింది మీ మామతోని కాదు, నీతోని.”

నేను చేతిలున్న టికెట్టును మడతపెట్టిన.

“అంతేనా అని అడిగిన. అంతే అన్నవు. అప్పుడు నువ్వు ఎవరి ఇజ్జత్ కాపాడినవు? నాదా, మీ మామదా?”

“మామది” అన్న. తర్వాత ఇంకొంచెం ఆలోచన చేసి, “నాది గూడ” అన్న.

“సరే” అన్నడు. “ఇగ నుంచి మొత్తం చెప్పు. ఏది ఇడిచిపెట్టాల్నో నేను చూసుకుంట.”

సరే అన్న. క్షమించమని అడగాల్నని నాకు తోచలే. అతను గూడ దానికోసం ఆగినట్టు కనపడలే. జగిత్యాల బస్టాండుల దిగి, ఇద్దరం చెరో మిర్చి బజ్జి ప్లేటు తిని హాస్టల్‌కు పోయినం.

నాలుగు రోజులైనంక మామకు ఫోన్ చేసి చెప్పిన, నువ్వన్న మాట అతనికి తెలుసని. అవతల మిషన్ చప్పుడు ఆగిపోయింది.

“గట్లన్ననా?” అన్నడు మామ. తర్వాత తనే, “అవును, అన్న” అన్నడు.

“నేను అతనికి చెప్పలే. అతనికే అర్థమైంది.”

“మరి అర్థమైనంక గూడ పొద్దంత నా పక్కన కూసోని కుచ్చులు కట్టిండు గదా.”

“కట్టిండు.”

మళ్ల మిషన్ చప్పుడు మొదలైంది. ఆ సంగతి మా మధ్యల మళ్ల ఎన్నడు రాలే. దోస్తు ఎట్లున్నడని మాత్రం ఫోన్ చేసినప్పుడల్ల అడిగేటోడు.

చివరి సెమిస్టరు ముందట హాస్టల్ రిపేరు పెట్టుకొని పీజీ వాళ్లను బయట ఉండుమన్నరు. ఇద్దరం కలిసి జగిత్యాలల రూములకు తిరిగినం. రెండో ఇంటి ఆయన గేటు తెరువకుంటనే దోస్తును చూసి నాతోని అన్నడు, “నీకైతే ఇస్తం బాబూ. గీయనకు ఇయ్యం. గా దేశపోళ్లు ఏం తింటరో, ఎవరిని తీసుకస్తరో మాకేం తెల్సు. వాడకట్టోళ్లు మమ్ములంటరు.”

దోస్తు నన్ను చూసిండు. నేను మొత్తం చెప్పిన. చెప్తుంటే నా గొంతు నాకే పరాయిదాని లెక్క వినపడ్డది, ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నట్టు. చివరి మాట దాక చెప్పిన. అతను విని, ఆయనకు నమస్తే పెట్టి, “పోదాం పా” అన్నడు. గల్లీ మలుపు తిరిగినంక జేబుల నుంచి కాగితం తీసి ఆ ఇంటి మీద గీత కొట్టిండు. మూడో ఇంటి కాడ, నాలుగో ఇంటి కాడ గూడ అదే కథ. మాటలు వేరు. అవన్ని చెప్పిన. ఐదో ఇంటికి పోయేటాల్లకు నా గొంతు మళ్ల నాదే అయ్యింది. అది మంచిదో కాదో ఇప్పటికి నాకు తెల్వదు.

ఆరో ఇల్లు ఒక రిటైరైన టీచరమ్మది. మీద ఒక్క రూము, ముందట రేకులు. ఆమె దోస్తును కూసోమని కుర్చీ వేసి, పేరు అడిగి, రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ పలికింది. తర్వాత షరతులు చెప్పింది. నీళ్లు పొద్దున ఆరింటికి పట్టుకోవాలె, మెట్ల మీద చెప్పులు పెట్టొద్దు, కూరల వాసన కిందికి వచ్చినా ఏం కాదు గని చెత్త తడిది పొడిది వేరు చెయ్యాలె. నేను ఒక్కొక్కటి దోస్తుకు చెప్పుకుంట పోతున్న.

చివరికి ఆమె నా దిక్కు తిరిగి, “ఆయనతోని నాకేం భయం లేదు. నువ్వు సిరిసిల్ల అన్నవు గదా, సాంచాల కాడ పుట్టినోళ్లు మస్తు గట్టిగ మాట్లాడుతరు. నీతోనే నాకు పరేషాన్. తలనొప్పి మనిషిని నేను” అన్నది.

దోస్తు నన్ను చూసుకుంట కూసున్నడు. అది గూడ మొత్తం చెప్పిన. అతను నవ్వలే, పెద్దమనిషి లెక్క తల ఊపి, “అమ్మా, అది నిజం” అని తెలుగులనే అన్నడు. టీచరమ్మ లోపటికి పోయి తాళంచెవి తెచ్చి అతని చేతిల పెట్టింది.